పెద్దనాయన కొలిచిన కాంపౌండు

మొన్న బుధవారం పొద్దున బెళుగుప్ప నుంచి మా అన్న ఫోను చేశాడు. "పెద్దనాయన పోయినాడు మే. నిద్దర్లోనే" అన్నాడు. మా నాయనకు అన్న ఆయన. ఊళ్లో అందరికీ మేస్త్రి. ఆ చుట్టుపక్కల మిద్దెల్లో సగం ఆయన చేతి మీదుగా లేచినవే. కానీ ఆయన్ని తలుచుకుంటే నాకు ఆ మిద్దెలు గుర్తుకు రావు. మా చర్చి కాంపౌండులో ఆయనతో తిరిగిన నాలుగు రోజులు గుర్తుకొస్తాయి.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో మాట. నేను మా చర్చి సంఘం బడిలో టీచరమ్మగా ఉన్నాను. పాస్టరు అయ్యగారు పెద్దనాయనను పిలిపించి గుడి, బడి, ఆడపిల్లల హాస్టలు, సమాధుల తోట అన్నీ చూడమన్నారు. రాబోయే ఇరవై ఏళ్లలో దేన్ని బాగు చేసుకోవాలో, దేన్ని కూల్చాలో, ఖాళీ స్థలాన్ని దేనికి వాడుకోవాలో చెప్పమన్నారు. సంఘ పెద్దలకు మాత్రం గుడి ముందర ఎత్తయిన గంట గోపురం కట్టాలని మనసు. మేస్త్రి సరేనంటే ముగ్గు పోయడమే తరువాయి.

ఆయన చెబుతుంటే నేను నోటుబుక్కులో రాశాను. తొందరంటే తెలియని మనిషి. గోడను చిన్న సుత్తితో తట్టి చెవి ఆనించి వినేవాడు. "టంగుమంటే బతికుండాది. బొదబొదమంటే లోపల చచ్చింది" అనేవాడు. నేల వాలు తెలుసుకోవడానికి చెంబుతో నీళ్లు పోసి, ఎటు పోతాయో చూస్తూ గొంతుక్కూర్చునేవాడు. పాత రాతి గుడికి ఏమీ కాదన్నాడు. "దీన్ని కదిలించొద్దు. పైన పెంకులు మార్చుకుంటే మనమళ్లకూ వస్తాది." సమాధుల తోటను అడుగులతో కొలిచి, పడమటి గోడ పక్కన కొత్త వరస తీసుకోవచ్చన్నాడు.

నాలుగో రోజు, శనివారం, హాస్టలుకు వెళ్లాం. అది ఆయన కట్టిందే. అప్పటికి ఐదారేళ్లయింది. పిల్లలు బడికి పోయారు. చుట్టిన చాపలు గోడకు ఆనించి ఉన్నాయి. నిచ్చెనెక్కి పైకప్పును తట్టాడు. జరిగి మళ్లీ తట్టాడు. సిమెంటు పెచ్చు ఊడి ఆయన భుజం మీద పడింది. లోపలి కడ్డీ తుప్పుపట్టి ఎర్రగా కనిపించింది. కిందికి దిగి, ఊడిన పెచ్చును వేళ్లతో నలిపి చూశాడు.

"రాయి మే. హాస్టలు శ్లాబు పనికిరాదు, తీసెయ్యాల. తప్పు మేస్త్రిది."

నా చెయ్యి ఆగింది. "అట్ల రాయమంటావేంది పెద్దనాయనా?"

"ఇది పోసినప్పుడు కరువు. మూడు వారాలు తడపాల్సిన శ్లాబును నాలుగు రోజులు తడిపి వదిలేసినా. ఆడోళ్లు బిందెలతో ట్యాంకరు కాడ కొట్లాడతాంటే, శ్లాబుకు నీళ్లు కావాలని అడగడానికి నోరు రాలేదు."

"అయితే తప్పు కరువుదే కదా!"

"కరువని తెలిసే పోసినా కదా. వానొచ్చేదాకా ఆపుండాల్సింది నేనే. రాయి."

మర్నాడు ఆదివారం ఆరాధన అయ్యాక సంఘం కూర్చుంది. నోటుబుక్కు చదువుతూ హాస్టలు పేజీ దగ్గరికొచ్చేసరికి ఆగి ఆయన వైపు చూశాను. ఆయనే లేచి చెప్పాడు. గోపురం కావాలన్న పెద్దల్లో ఒకాయనకు కోపం వచ్చింది.

"ఏమప్పా, ముప్పై మంది పిల్లోళ్లు దాని కింద పండుకుంటాండారే! ఇన్నేళ్లు యాడ పెట్టుకున్నావు ఈ మాట?"

"నాకూ నిన్ననే తెలిసిందన్నా. ఈ పొద్దు నుంచి ఆడ ఎవురూ పండుకోకూడదు. అందుకే చెప్తాండా" అన్నాడు పెద్దనాయన.

ఆ సాయంత్రమే పిల్లలు చాపలు, పెట్టెలు మోసుకొని గుడిలోకి మారారు. గోపురం మాట వెనక్కి పోయింది. ఆ తర్వాత రెండేళ్లు ఆయన్ని పనికి పిలిచినవాళ్లు తక్కువ. తన పని చెడ్డదని తనే చెప్పుకున్న మేస్త్రిని ఎవరు పిలుస్తారు? పెద్దమ్మ ఆ మాటే అంటే, "పిల్లోళ్లు బాగుండారు కదా" అని ఊరుకున్నాడు. క్లాసులో పిల్లల ముందు నా తప్పు ఒప్పుకోవాల్సి వచ్చినప్పుడల్లా నాకు ధైర్యమిచ్చింది ఆ ఆదివారమే.

మంచి వాన పడిన ఏడాది, బోరులో నీళ్లు పైకొచ్చాక, అయ్యగారు మళ్లీ ఆయన్నే పిలిచారు. హాస్టలు పాత శ్లాబు తీసేసి కొత్తది పోసి, దాని మీద మడులు కట్టి నీళ్లు నింపాడు. మూడు వారాలూ పొద్దునా సాయంత్రమూ తనే ఎక్కి చూసుకున్నాడు. ఒకరోజు బడి వదిలాక నేనూ పైకి వెళ్లాను. శనక్కాయ చేలల్లోంచి గువ్వలు వచ్చి మడుల అంచుల మీద బారుగా వాలి ఉన్నాయి. పెద్దనాయన పైపు పట్టుకొని ఒక మూల కదలకుండా నిలబడ్డాడు. నేను నోరు తెరవబోతే చెయ్యెత్తి ఆపాడు.

"ఉండు మే, తాగనీ" అన్నాడు మెల్లగా.

పైపు నీళ్లు ఆయన పాదాల మీదుగా పారుతూనే ఉన్నాయి.