అల్ ఖర్జ్‌లో జరీష్ వంట, రమణమ్మ సెలవు

రియాద్‌లో పది రోజుల పని ముగిసింది. లేబర్ క్యాంపులు, ఆఫీసు వరండాలు తిరిగి తిరిగి కాళ్లు లాగుతున్నాయి. విమానం మరునాటి సాయంత్రం. శుక్రవారమంతా నిద్రపోదామనుకున్నాను. కానీ సౌదీ వచ్చిన ప్రతిసారీ హోటల్ బిర్యానీ తిని తిరిగిపోవడం అలవాటైపోయింది. అల్ ఖర్జ్‌లో ఒక ఇంటావిడ ఆడవాళ్లకు తమ సంప్రదాయ వంట నేర్పుతుందని తెలిసి రెండు వందల రియాళ్లు కట్టేశాను.

ఎనిమిదికి బయల్దేరాం. శుక్రవారం పొద్దున రోడ్డు ఖాళీగా ఉంటుంది, గంటలో చేరాం. జగిత్యాల నుంచి వచ్చిన డ్రైవర్ నర్సయ్యకు రానూపోనూ, వెయిటింగ్‌తో కలిపి మూడు వందలు. “మీరు వండింది నాకింత తేండ్రి మేడం, రూముల పప్పు తిని తిని యాష్టకొచ్చింది” అన్నాడు.

ఆ రోజు వంట జరీష్. గోధుమ నూకను మజ్జిగలో గంటల తరబడి ఉడికించి జావలా మెత్తగా చేస్తారు. ఇంటావిడ ఇంగ్లీషులో వివరిస్తుంది. చేసి చూపించేది ఇద్దరు తెలుగు ఆడవాళ్లు. కడప జిల్లా రమణమ్మ ఆ ఇంట్లో ఏళ్లుగా పనిచేస్తోంది. కోనసీమ సత్యవేణి కొత్తగా చేరింది.

రమణమ్మ కూతురికి తొమ్మిదో నెల. సెలవు ఇవ్వడానికి ఇంటావిడ ఒప్పుకుంది, ఒక షరతు మీద. ప్రతి శుక్రవారం నమాజు తర్వాత బంధువులంతా అక్కడ జరీష్ తింటారు. సత్యవేణి వండింది ఇంటావిడ అత్తగారికి నచ్చాలి. నచ్చిన వారమే రమణమ్మకు టికెట్. ఇదంతా రమణమ్మే ఉల్లిపాయలు తరుగుతూ చెప్పింది.

ఫోన్ రావడంతో ఇంటావిడ లోపలికి వెళ్లింది. రమణమ్మ మజ్జిగ డబ్బాల కోసం వెనక గదికి వెళ్లింది. సత్యవేణి గిన్నెలో నెయ్యి వేసి, ఉన్న నూకంతా పోసి దోరగా వేయించింది. పక్కనే ఉన్న నాకూ తప్పు కనిపించలేదు. మన ఇళ్లలో ఉప్మా అలాగే మొదలవుతుంది.

వాసనకే రమణమ్మ గుమ్మంలో ఆగిపోయింది.

“వేయించినావా పాపా?”

“రవ్వ కదక్కా, ఏపకపోతే ముద్దయిపోద్దని...”

“ముద్ద కావల్ల. ముద్దయితేనే జరీష్.”

ఇంట్లో వేరే నూక లేదు. నమాజు అయ్యేదాకా దుకాణాలు తెరవరు. సత్యవేణి మజ్జిగ, నీళ్లు ఎక్కువ పోసి కలుపుతూనే ఉంది. కాసేపు నేనూ కలిపాను, మణికట్టు పట్టేసింది. రమణమ్మ మాత్రం స్టూలు మీద కూర్చుని, చేతులు ఒళ్లో పెట్టుకుంది. మీరు సరిచేయొచ్చు కదా అని అడిగాను.

“నా చెయ్యి పడితే ఆ ముసలామెకు నోట్లో పెట్టుకోంగానే తెలుస్తాది మేడం. ఇంక నన్ను ఎప్పటికీ పంపరు.”

నమాజు అయ్యాక పెద్ద పళ్లెంలో వడ్డించి, పైన ఎర్రగా వేగిన ఉల్లిపాయలు, జీలకర్ర, ఎండు నిమ్మకాయ పొడి చల్లారు. అత్తగారు ఒక చెంచా తీసుకుని నమిలింది. జరీష్ నమలాల్సిన పదార్థం కాదు. ఇంకో చెంచా తిని, ఖర్జూరాల పళ్లెం దగ్గరికి లాక్కుంది. ఇంటావిడ రమణమ్మ వైపు తిరిగి అరబ్బీలో ఏదో అంది. “వచ్చే శుక్రారం చూస్తామంట” అని రమణమ్మ నాకు చెప్పింది.

వంటింట్లో సత్యవేణి కళ్లు తుడుచుకుంటోంది. రమణమ్మ నర్సయ్య కోసం డబ్బాలో జరీష్ సర్దుతూ, “ఏడ్చి ఏం చేసేది. రేపు నూక తెప్పిస్తా. దినామూ వండు, నేనే తింటా” అంది.

నర్సయ్య కారులోనే డబ్బా తెరిచాడు. “మన ఉప్మా లెక్కనే ఉన్నది మేడం, మస్తుగున్నది” అని అడుగుదాకా తుడుచుకుని తిన్నాడు. రియాద్ వచ్చేదాకా కళ్లు మూసుకున్నాను గానీ నిద్ర పట్టలేదు. చేతిలో టికెట్ ఉన్నవాళ్లకు ప్రయాణమంటే అలసట. రమణమ్మకు అది ఒక ముసలావిడ నోట్లోని రెండు చెంచాలు. తర్వాతి శుక్రవారం ఏమైందో నాకు తెలియదు.

ఆ క్లాసుకు వెళ్లే తెలుగువాళ్లకు ఒక్క సూచన. పొయ్యి మీద నెయ్యి కాగుతున్నా సరే, నూక వేయించకండి, పక్కవాళ్లను వేయించనివ్వకండి.