మూడిళ్ల నీళ్లు

అక్క చనిపోయిందని ఫోన్ వచ్చినప్పుడు నేను కొడిమ్యాల దగ్గర ఒక అంగన్‌వాడీలో ఉన్నాను. ఫోన్ చేసింది ఆమె తమ్ముడు. సిరిసిల్లలో వాళ్లది సాంచాల ఇల్లు. సాంచాలంటే మరమగ్గాలు. ఆ ఇంటి నుంచి ఎప్పుడు ఫోన్ వచ్చినా వెనుక వాటి రొద వినపడేది. ఆ రోజు వినపడలేదు. అతను నోరు తెరవకముందే నాకు విషయం అర్థమైంది. "పొద్దుగాల పోయిందమ్మా," అన్నాడు. 

మీకు ఆమె తెలిసి ఉండదు. పేపర్లో ఫొటో పడే పని కాదు ఆమెది. పిల్లల రక్షణ చూసే ఆఫీసులో కాంట్రాక్టు ఉద్యోగం. మొగుడు పెళ్లాన్ని కొట్టే ఇళ్లలో పిల్లలు ఎట్లా ఉన్నారో చూసి రావాలి, వాళ్లకు ఏం కావాలో కాగితం మీద పెట్టాలి. రుద్రంగి అవతల గుట్టల కింద ఉన్న లంబాడి తండాలు ఆమె వంతుకు వచ్చాయి. వంతు అంటున్నాను గానీ, బస్సు దిగాక నడవాల్సిన దూరం చూసి మిగతావాళ్లు తప్పుకుంటే ఆమెకు మిగిలాయి. ఆమె దగ్గర నేను నాలుగేళ్లు పనిచేశాను. సొంత అక్క కాదు. ఆఫీసులో అందరికీ ఆమె అక్కే, ఆఖరికి ఆఫీసరు సారుకు కూడా.

సాంచాల మధ్య పుట్టి పెరిగింది కాబట్టి ఆమెది పెద్ద గొంతు. పైన ఆఫీసులో "చాయ్ తాగుదాం పా" అంటే కింద చాయ్ హోటలాయన గ్లాసులు కడగడం మొదలుపెట్టేవాడు. తండాలో అడుగుపెట్టగానే ఆ గొంతు ఎటు పోయేదో, పక్కన నడుస్తున్న నాకే వినపడేది కాదు.

సాంచాల దగ్గర పనిచేసేవాళ్లు మాటను చెవులతో వినరు. ఆ రొదలో ఎంత అరిచినా లాభం లేదు. ఎదుటి మనిషి పెదవులు చూసి మాట పట్టుకుంటారు, పెదవులు కదిపే జవాబు చెబుతారు. అక్క చిన్నప్పుడు వాళ్లమ్మతో అట్లాగే మాట్లాడేదట. ఆ విద్యనే ఆమె తండాకు తీసుకుపోయింది. తండా పక్కన పారే ఒర్రె దగ్గర బట్టలు ఉతికే ఆడవాళ్లకు నవ్వులాటగా నేర్పింది. ఆ తర్వాత ఏ ఇంటికి పోయినా, మంచం మీద మొగుడు కూర్చుని ఉంటే ఏమీ అడిగేది కాదు. తాగడానికి నీళ్లు అడిగేది. ఆ ఇల్లాలు మొగుడికి వీపు పెట్టి నిలబడి నీళ్లిస్తూ పెదవులు కదిపేది. అక్క గ్లాసు ఎత్తి తాగుతూ చూసేది. రాత్రి ఏం జరిగింది, పిల్లలకు దెబ్బలు తగిలాయా, ఇవాళ ఎక్కడ పడుకుంటారు, అన్నీ ఆ గ్లాసు ఖాళీ అయ్యేలోపు తెలిసిపోయేవి.

ఇంకో పట్టింపు కూడా ఉండేది. నేరుగా ఆ ఇంటికి పోదు. ముందు మూడిళ్లలో నీళ్లు అడిగి తాగాలి. నాలుగోదే అసలు ఇల్లు.

"మనం ఏ ఇంటికచ్చినమో ఎవ్వలకు తెల్వద్దే. తెలిసిందనుకో, మనం బస్సెక్కంగనే గా పిల్ల ఈపు పల్గుతది," అనేది.

తిరుగు ప్రయాణంలో ఆ నీళ్లన్నీ తిప్పలు పెట్టేవి. ముందు సీటు కమ్మీ గట్టిగా పట్టుకుని, "డ్రైవరన్నా, జెర జల్ది పోనియ్యి, తండ నీళ్లన్ని నా కడుపులనే ఉన్నయ్," అని ఆ పెద్ద గొంతుతో అరిచేది. బస్సంతా నవ్వేది, అందరికంటే ఎక్కువ ఆమే నవ్వేది.

నా తప్పు చెప్పకుండా ఆమె గురించి రాస్తే అది దొంగ రాత అవుతుంది. అందుకే చెబుతున్నాను.

నేను చేరిన కొత్తలో, అక్క తన కూతురి కాన్పుకు సెలవు పెట్టిన వారంలో, ఎనిమిదేళ్ల పిల్ల చేతికి వాతతో బడికి వచ్చిందని తండా నుంచి కబురొచ్చింది. నేను ఆఫీసు జీపులో పోయాను. మూడిళ్లూ లేవు, నీళ్లూ లేవు. జీపును సరాసరి ఆ ఇంటి ముందే ఆపించాను. మొగుడు ఎదురుగా కూర్చుని ఉండగానే నోట్‌బుక్ తెరిచి, "మీ ఆయన కొడతాడా?" అని ఆ తల్లిని అడిగాను.

"లేదు మేడం," అన్నది ఆమె. మూడేళ్ల చిన్నపిల్ల ఆమె కాళ్లను చుట్టుకుని నిలబడి ఉంది. ఆమె వచ్చి నా ముందు నిలబడి నీళ్లిచ్చింది. నేను తల ఎత్తకుండానే గ్లాసు పక్కన పెట్టి రాసుకుంటూ పోయాను. తల్లి హింసను దాస్తున్నది, సహకరించడం లేదు, పిల్లలను కాపాడే స్థితిలో లేదు అని రాశాను. దస్తూరి కూడా చక్కగా కుదిరిందని సంతోషపడ్డాను. ఆ కాగితం చూసి, పిల్లలు ఎక్కడుండాలో తేల్చే కమిటీవాళ్లు పెద్దపిల్లను సిరిసిల్లలో ఒక హాస్టల్ లాంటి చోటుకు, చిన్నదాన్ని ఇంకో ఊళ్లో పసిపిల్లలను ఉంచే చోటుకు పంపించారు.

అక్క సెలవు నుంచి వచ్చి ఆ ఫైలు చదివింది. తిట్టలేదు.

"ఆమె నీళ్లిచ్చిందా?"

"ఇచ్చింది అక్కా."

"పెదవులు చూసినవా?"

"రాసుకుంటున్న."

అక్క ఫైలు మూసింది. మరునాడు నన్ను ఒర్రె దగ్గరికి తీసుకుపోయింది. ఆ తల్లి బట్టలు ఉతుకుతోంది. నా ముఖం చూడకుండానే మాట్లాడింది.

"రేపు ఒర్రె కాడికి రా మేడం, అన్ని చెప్త అన్న. రెండుమాట్ల అన్న. నువ్వు తలకాయనే ఎత్తలే."

ఆ తర్వాత చేతులు తుడుచుకుని, అటు తిరిగి, పైట జరిపి వీపు చూపించింది. నేను చూడలేక నీళ్ల వైపు తిరిగాను. అక్క నా గదవ పట్టుకుని ముఖం మళ్లీ ఇటు తిప్పింది.

"చూడు బిడ్డా. కాలిన సలాక ముందుగాల్ల ఈమెకు తాకింది. పిల్లకు కొసనే తల్గింది. ఈమె పిల్లలను కాపాడలేదని రాసినవా నువ్వు?"

ఆ మాట ఇప్పటికీ నన్ను వదలలేదు. వదలకూడదు కూడా.

అరగంటలో నేను రాసిన పేజీని వెనక్కి తిప్పడానికి ఏడు నెలలు పట్టింది. ప్రతి ఆదివారం ఆ తల్లిని బస్సులో సిరిసిల్లకు తీసుకుపోయి పెద్దపిల్లను చూపించే పని అక్క నాకే పెట్టింది. "నువ్వే తీస్కపో. ఆమె పక్కపొంటి కూసో," అన్నది. చిన్నదాన్ని చూడటానికి మాత్రం ఒక నెల గడిచాక ఇక రావద్దని అక్కడివాళ్లు అన్నారు. తల్లి వచ్చి పోయిన రోజు పిల్ల అన్నం ముట్టడం లేదట. కొత్త రిపోర్టు కూడా నాతోనే రాయించింది. "ఈసారి కొట్టెటోని తోటి మొదలువెట్టు. ఆమె ఏం జెయ్యలేదో కాదు, ఏం జేసిందో రాయి." రాశాను. తాగి వస్తున్న అరుపు దూరాన వినగానే పిల్లలను పక్కింటి ముసలమ్మ దగ్గరికి పంపడం, గొడ్డలిని గడ్డివాములో దాచడం, సలాకకు వీపు అడ్డం పెట్టడం. ఇదంతా మొదటి రోజు కూడా ఉంది. నేను అడగలేదు, అంతే.

పిల్లలు తిరిగొచ్చిన రోజు తండా అంతా బయటే నిలబడింది. పెద్దది ఆటో దిగి ఉరికింది. చిన్నది దిగి నా చున్నీ పట్టుకుంది. తల్లి లంబాడీలో పిలిచింది, ముద్దుపేర్లన్నీ పిలిచింది. పిల్లకు ఒక్క మాటా అందలేదు. పోయేటప్పుడు ఆ పిల్లకు లంబాడీ తప్ప మరో భాష రాదు. తల్లిని యాడీ అని పిలిచేది. ఇప్పుడు నా వెనుక నుంచి తొంగి చూసి, నేర్పినట్టుగా చేతులు కట్టుకుని, "మేడం, నీళ్లు," అని కన్నతల్లిని అడిగింది.

అక్క అంతవరకు తండాలో గొంతెత్తి ఎరగదు. ఆ రోజు ఇంటి వెనక్కి పోయి ఏడ్చింది. ఆ పెద్ద గొంతు ఏడుపు తండా మొత్తానికి వినపడింది. నాకు ఏడ్చే హక్కు కూడా లేదనిపించింది.

ఆ మొగుడు మారిపోయాడని నేను రాయను. కమిటీ ముందు సంతకం పెట్టాక కొట్టడం తగ్గింది, పోలేదు. అక్క పేరెత్తితే మండిపడేవాడు. అయినా అక్క నెలనెలా వెళ్లి మూడిళ్లు దాటి ఆ ఇంట్లో నీళ్లు అడిగేది. పిల్లలు మళ్లీ ఎటూ పోలేదు. కిందటేడు నన్ను జగిత్యాలకు బదిలీ చేశారు. అక్క ఒక్కతే పోతూ ఉండేది.

ఆ తర్వాత ఆమె గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్ చేసి గొట్టం వేశారు. మాట పోయింది. చూడటానికి పోతే పడుకునే నవ్వి, పెదవులు కదిపింది. నాకు అర్థం కాలేదు. మళ్లీ కదిపింది. నాలుగేళ్లు పక్కన తిరిగి ఆ ఒక్క విద్యా నేర్చుకోలేదు నేను. సిగ్గుతో నోట్‌బుక్, పెన్ను తీసి చేతికిచ్చాను. ఆమె దాన్ని మెల్లగా పక్కకు నెట్టి, నా గదవ పట్టుకుని ముఖం తన వైపు తిప్పుకుంది. మూడోసారి కదిపింది. "సరే అక్కా," అన్నాను. దేనికి సరే అన్నానో ఇప్పటికీ తెలియదు. ఆమెకు మాత్రం నాకు అర్థం కాలేదని తెలిసిపోయింది. చెయ్యి నిమిరి కళ్లు మూసుకుంది.

దహనం అయిన మరునాడు సిరిసిల్లలో కోరుట్ల బస్సెక్కాను. కోరుట్లలో మారి జగిత్యాల పోవాలి. రుద్రంగి రాగానే దిగిపోయాను. ఆ తల్లికి ఫోన్ లేదు. ఆమెకు ఎవరు చెబుతారు?

నడిచి తండా చేరి, మూడిళ్లలో నీళ్లు అడిగి తాగాను. ముందు ఆమెకే చెప్పాలని అక్కడ ఎవరితోనూ అనలేదు. నాలుగో ఇంటి ముందు మంచం మీద మొగుడు ఫోన్ చూసుకుంటున్నాడు. నేను నీళ్లు అడిగాను. ఆమె చెంబు, గ్లాసు తెచ్చి అతనికి వీపు పెట్టి నిలబడింది. గ్లాసు నా చేతికిచ్చి పోయడం మొదలుపెట్టింది. నోట్‌బుక్ సంచిలోనే ఉంది. నేను ఆమె పెదవులు చూశాను.

"అక్క ఏది?"

సరిగ్గా చదివాను. నా జన్మలో నేను చదివిన మొదటి పెదవుల మాట అదే.

"సచ్చిపోయింది," అని చప్పుడు లేకుండా కదిపాను. ఆమె నమ్మలేదు. నా పెదవుల వైపే చూస్తోంది. మళ్లీ కదిపాను.

లోపలి నుంచి చిన్నపిల్ల "యాడీ, యాడీ" అని పిలుస్తోంది. ఆమె తిరగలేదు.

"గ్లాసు నిండింది, కనవడ్తలేదా?" అని వెనుక నుంచి మొగుడు కసిరాడు.

నీళ్లు నా వేళ్ల మీదుగా మోచేతి దాకా కారుతున్నాయి. ఆమె ఇంకా పోస్తూనే ఉంది.