నౌకను వదలని ఉపగ్రహం

నా పేరు భీమన్న. బహ్రెయిన్‌లో కొత్త బిల్డింగుల చుట్టూ ఇనుప పైపులతో పరంజా కడతాను. మా ఊళ్లో మాత్రం నేను దుబాయిలో ఉన్నానంటారు. సరిదిద్దే ఓపిక నాకు లేదు.

మొన్న తెలుగు సంఘం వాళ్లు ఇక్కడి అద్లియా పేటలో ఒక నాటిక వేశారు. వెనకటికి మనుషులు స్పేస్ షటిల్‌లో వెళ్లి, టీవీలకూ ఫోన్లకూ పనికొచ్చే ఉపగ్రహాన్ని పైన వదిలి వచ్చేవారట, ఆ కథ. వేదిక మీద షటిల్ కట్టడానికి పైపులు మోసుకెళ్లిన నన్ను, నాటిక వేయిస్తున్న ఇంజనీరు జస్వంత్ గారు ఎగాదిగా చూశారు.

"వ్యోమగాములు సరిపోయారండీ. ఉపగ్రహం మీరే. గుండ్రంగా ఉన్నారు కదా."

ఇంటికి ఫోన్ చేసి, ఆకాశంలోకి పోయే వేషం నాదేనన్నాను. అబద్ధమేమీ కాదు. నా బిడ్డ రచన బడంతా చాటింది. ఆ పిల్ల ముందు నవ్వులపాలు కాకుంటే చాలనుకున్నాను. నా భార్య జమున మాత్రం ఎప్పటి మాటే అడిగింది.

"పని కాడ సేఫ్టీ బెల్టు పెట్టుకుంటున్నవా?"

"పెట్టుకుంటున్న."

ఏళ్ల తరబడి ఇదే జవాబు. ఆమె ఒక్కనాడూ నమ్మలేదు.

నాటిక రోజు నాకు వెండి కాగితం చుట్టి, చక్రాల షటిల్ మీద నడుమెత్తున నిలబెట్టారు. పడిపోకుండా నా డ్యూటీ బెల్టే కట్టుకుని, దాని కొక్కెం పైపుకు తగిలించాను. ముందు వరసలో నా గదిలో ఉండే నర్సింలు వీడియో కాల్ పెట్టి, ఫోన్ పట్టుకుని మా ఇంటికి చూపిస్తున్నాడు.

"ఉపగ్రహాన్ని వదులుతున్నాం" అన్నారు కెప్టెన్ వేషంలో ఉన్న సులోచన గారు.

కొక్కెం తీసి, కిందికి దిగి, దర్జాగా తేలుతూ కదిలాను. వెనక గడగడమని చప్పుడు. చూస్తే, షటిల్ నా వెంటే వస్తోంది, సులోచన గారు పైపును కావలించుకున్నారు. మా బెల్టుకు రెండు కొక్కేలుంటాయి. రెండోది తగిలించకుండా మొదటిది తీయకూడదు. నాకు తెలియకుండానే నా చెయ్యి ముందే రెండోదాన్ని పైపుకు తగిలించేసింది. హాలు హాలంతా పడీపడీ నవ్వింది. నా పరువు అక్కడే ఖలాస్.

సిగ్గుతో చచ్చిపోతూ ఫోన్ అందుకున్నాను.

"నాయినా, ఇంకొక్కపారి గుంజవా?" అంది రచన, నవ్వు ఆపుకోలేక.

జమున నవ్వడం లేదు. "ఆ రెండో కొక్కెం ఎవలు పెట్టుమన్నరు?"

"ఎవలనలే. రోజూ పెట్టే చెయ్యి, అదే పెట్టింది."

ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుంది.

మర్నాడు డ్యూటీకి బయల్దేరుతుంటే ఫోన్ చేసింది. బెల్టు ఊసే ఎత్తలేదు. ఏం కూర వండుకున్నవని అడిగింది.