పిల్లమ్మ చెప్పిన జవాబు

హోసూరు సిప్కాట్ పారిశ్రామికవాడలో మోటారు విడిభాగాల ఫ్యాక్టరీ ఒకటుంది. దాని గేటు ముందు పిల్లమ్మ ఇడ్లీ బండి. భర్త పోయాక ఆ బండి మీదే కొడుకు మాదేశ్‌ను ఐటీఐ చదివించింది. బేరం తమిళంలో, లెక్క కన్నడంలో, తిట్లు మాత్రం తెలుగులో. రోజూ ఆమె చేత తిట్లు తిని, ఆ తర్వాతే ఇడ్లీ తింటాను. అంత నోరున్న మనిషి భయపడగా ఆ వారమే చూశాను.

భరణి అనే కాలేజీ పిల్ల ఫోను పట్టుకుని సర్వేకు వచ్చింది. రాజకీయ పార్టీలకు కంపెనీలు పేరు బయటపెట్టకుండా డబ్బివ్వవచ్చా, కూడదా అని అడిగింది.

“ఇయ్యకూడదు,” అంది పిల్లమ్మ గరిటె ఊపుతూ. “మా కెలవరపల్లి గుడికి ట్యూబులైటు ఇచ్చినోడు దాని నిండా పేరు రాయించుకున్నాడు. వెలుతురే రాదు. కోట్లు ఇచ్చి పేరు దాచుకున్నాడంటే వాడు ఊరికే ఇచ్చినాడా పాపా?”

అందరం పగలబడి నవ్వాం. గేటు సెక్యూరిటీ అతను మాత్రం నవ్వలేదు. పొట్లం తీసుకుని లోపలికి వెళ్ళిపోయాడు.

అప్పుడు పాలిపోయింది పిల్లమ్మ ముఖం. మాదేశ్ ఆ ఫ్యాక్టరీలోనే కాంట్రాక్టు మీద ఉన్నాడు. ఆ నెలలో పర్మనెంట్ చేస్తామన్నారు.

మర్నాడు సెక్యూరిటీ అతను ఇడ్లీకి రాలేదు. జ్వరమేమో అన్నాను. ఆమె వినిపించుకోలేదు. గేటు తెరుచుకున్నప్పుడల్లా అటే చూస్తూ, చట్నీ నా చొక్కా మీద ఒలకబోసింది. తిట్టనైనా లేదు. దాంతో నాకూ భయం పట్టుకుంది.

పక్క వీధిలో భరణి కనబడగానే పిల్లమ్మ పరుగెత్తి, చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.

“నేను చెప్పింది తీసెయ్ పాపా.”

“దాంట్లో మీ పేరు లేదక్కా. హోసూరు, ఆడమనిషి, ఇడ్లీ బండి, అంతే ఉండేది.”

“ఈడ ఇడ్లీ బండి పెట్టిన ఆడది నేనొక్కదాన్నే కదమ్మా! నా బిడ్డ పని పోతుంది.” ఏడ్చేసింది.

భరణి ఫోను తీసింది. పిల్లమ్మ చూస్తుండగానే ఆమె జవాబు ‘తెలియదు’ అని మార్చింది. పిల్లమ్మ కళ్ళు తుడుచుకుని ఆ పిల్లకు వేడి ఇడ్లీ పెట్టింది.

“ఇట్లా తెలీదని చెప్పినోళ్ళు ఎంతమంది పాపా?”

“సగానికి పైనే అక్కా.”

పిల్లమ్మ గేటు వైపు చూసి, గొంతు తగ్గించింది.

“పాపం, అందరికీ బిడ్డలుండారు.”