నాగులమ్మ సీసం గుండ్లు

ముందుగా ఆ గలగల వినిపించింది. పాలపొడి డబ్బాలో సీసం గుండ్లు కదిలే చప్పుడు. బరువుగా, తొందర లేకుండా, నాలుగడుగులకోసారి ఆగి ఊపిరి పీల్చుకుంటున్నట్టు. ఎండ ఇంకా ఉదయగిరి కొండ కొమ్ము మీదే ఉంది, వీధిలోకి దిగలేదు. వసారాలో మేలుకునే పడుకున్న డేవిడ్‌రాజు ఆ చప్పుడును బట్టే మనిషి ఏ మలుపు దగ్గరుందో చెప్పగలడు.

తరువాత గంప కనిపించింది. గంప కింద నాగులమ్మ.

"దించు మే హన్నమ్మా, మెడ ఇరిగిపోతా ఉండాది."

డేవిడ్‌రాజు భార్య హన్నమ్మ చెయ్యి వేసి గంప దించింది. ఎండుచేపల వాసన వసారా అంతా పరుచుకుంది. నాగులమ్మ గోడకు ఆనుకుని కాళ్ళు చాపి, మోకాళ్ళను రెండు చేతులతో పట్టుకుంది, ఇంకెవరివో చూసుకుంటున్నట్టు.

కావలి అవతల సముద్రపు ఒడ్డున పుట్టిన మనిషి ఆమె. ఉప్పుకొటార్ల నుంచి మెట్టకు ఉప్పు తోలే బండివాణ్ణి చేసుకుని ఇటు వచ్చింది. బండ్ల కాలం పోయింది, బండివాడూ పోయాడు. ముప్పై ఏళ్ళుగా కావలిలో ఎండుచేపలు ఎత్తుకుని, జలదంకి, వింజమూరు మీదుగా బస్సులెక్కి దిగుతూ మెట్ట ఊళ్ళలో అమ్ముకుంటోంది. ఒకప్పుడు "నెత్తళ్ళో... సావిళ్ళో..." అని కేకేస్తే ఆ కేక కొండకు తగిలి తిరిగొచ్చేది. గొంతు అరిగిపోయాక, వాళ్ళ నాయన వలకుండిన సీసం గుండ్లను డబ్బాలో వేసుకుంది. అప్పటినుంచి ఆ డబ్బాయే ఆమె కేక.

"మీ ఆయనకేంది మే, ఇంకా లేవలా?"

"చెరువెండిపోయిందని దిగులు," అంది హన్నమ్మ. "పోయినేడు కోత పండక్కి జొరమని దుప్పటి కప్పుకున్నాడు. ఈ ఏడు ఏం రోగం తెచ్చుకోవాలా అని ఆలోచన చేస్తా ఉండాడు."

డేవిడ్‌రాజు లేచి కూర్చున్నాడు. నవ్వు రాలేదు.

ఆ ఊరి బాప్టిస్టు గుడిలో కోత పండగనాడు ఎవరి చేతికష్టం వాళ్ళు తెచ్చి బల్ల మీద పెట్టాలి. కొన్నది పనికిరాదు. సజ్జ వేసినవాళ్ళు సజ్జ కంకులు, గుమ్మడి పాదున్నవాళ్ళు గుమ్మడికాయ. రోడ్డు పనిలో కంకర కొట్టే డేవిడ్‌రాజుకు సెంటు నేల లేదు. వాళ్ళ నాయనకూ లేదు. కానీ నాయన ప్రతి ఏడూ ఊరి చెరువులో గాలం వేసి కొరమీను పట్టి, పళ్ళెంలో తెచ్చి, అందరి పంటల పక్కన పెట్టేవాడు. చెరువే ఆయన చేను. ఆయన తరువాత డేవిడ్‌రాజు పెట్టాడు. ఆ ఒక్క పూట అతను కూలివాడు కాడు, పంట తెచ్చిన మనిషి. ఇప్పుడు రెండేళ్ళుగా వానల్లేవు. చెరువు అడుగు పగిలి, ఆ పగుళ్ళలో మేకలు కాళ్ళు విరగ్గొట్టుకుంటున్నాయి. పండగ వచ్చే ఆదివారమే.

"సముద్రం ఎండదు గదా," అన్నాడు డేవిడ్‌రాజు ఉన్నట్టుండి. "పెద్దమ్మా, ఒడ్డున నిలబడి గాలమేస్తే పడతాయా?"

నాగులమ్మ అతని వైపు తిరిగింది. "ఎందుకు పడవు? పావడా కట్టుకునే వయసులో నేను పట్టినాను. ఆడపిల్లల్ని పడవెక్కనీరు గదా. మాకు ఒడ్డే."

"నాకు నేర్పు."

"నీకా? ఏమీ తెలీనోడికైతే సుళువు అబ్బయా. చెరువు మనిషికి నేర్పాలంటే ముందు ఆ చెరువుని వదిలించాల." మోకాళ్ళు నిమురుకుంటూ మళ్ళీ అంది. "శుక్రవారం నేనెట్టాగూ మా తమ్ముడింటికి పోతా ఉండా. రా. గంప మాత్రం ఈడే పెట్టి పోతా. మొయ్యలేను."

గంప సంగతి అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు.

శుక్రవారం బస్సులో ఆమె కిటికీకి తల ఆనించి నిద్రపోయింది. బస్సు కుదిపినప్పుడల్లా ఒళ్ళోని డబ్బా నిద్రలో పలవరించినట్టు గలగలమంది. దారి పొడుగునా ఎండిన చేలు, వాటి మీద పని లేక తిరిగే గాలి. కావలి దాటాక ఆ గాలిలోకి తడి వచ్చింది. ఆమె కళ్ళు తెరవకుండానే "వచ్చేసినాం," అంది.

మర్నాడు పొద్దున్నే ఇసుక మీద నడిచారు. సముద్రాన్ని చూడగానే డేవిడ్‌రాజు నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. తమ ఊరికి రాని నీళ్ళన్నీ ఇక్కడికొచ్చి, చోటు చాలక ఒకదాన్నొకటి తోసుకుంటున్నట్టున్నాయి.

"నోరు మూసుకో, ఈగలు పోతాయి," అంది నాగులమ్మ. "ఆ సంచిలో ఏం తెచ్చినావో చూపీ."

వెదురు గెడ, నైలాన్ దారం, కొక్కేలు, జొన్న బెండు, కొబ్బరి చిప్పలో తడిమట్టి, మట్టిలో ఎర్రలు, ఎరకని తెచ్చిన వానపాములు. ఆమె బెండును రెండు వేళ్ళతో ఎత్తింది.

"ఇదెందుకు?"

"చేప తగిలితే మునగతాది గదా."

"ఈడ పొద్దుగూకులూ మునగతానే ఉంటాది. అలకీ మునగతాది, చేపకీ మునగతాది. దేన్ని నమ్ముతావు?" బెండు తెంపి అవతల పారేసింది. "దారం చూపుడువేలు మీద పెట్టుకో. అల లాగితే బరువుగా, మెల్లిగా లాగతాది. చేపయితే పక్కింటి పిలకాయ తలుపు కొట్టినట్టు టకటకమంటాది. కళ్ళతో కాదు, వేలితో చూడాల."

ఎర్రలనూ ఒప్పుకోలేదు, ఉప్పునీళ్ళలో అవి తెల్లబడి చస్తాయంది. అల వెనక్కి పోయేటప్పుడు తడి ఇసుకలో బుడగలు లేచే చోట చేత్తో తవ్వించింది. బఠాణీ గింజంత పీతలు దొరికాయి. కొక్కేనికి వాటిని గుచ్చడం చూపించింది. చివరికి డబ్బా మూత తీసి, ఒక సీసం గుండు ఏరి, దారం కొసకు కట్టింది.

"మా నాయనది. పోగొట్టబాక."

గెడ అక్కడే వదిలేసి, దారాన్ని చేత్తో గిరగిర తిప్పి డేవిడ్‌రాజు ఒంట్లో ఉన్న బలమంతా పెట్టి విసిరాడు.

"యాడికేస్తా ఉండావురా, సింహళానికా?" నాగులమ్మ దగ్గుతూ నవ్వింది. "అదో, అల ఒకసారి విరిగి, మళ్ళా ఒడ్డుకు తగిలే ముందర, నీళ్ళు నల్లగా ఉండాయి చూడు. ఆడ గుంట ఉండాది. అల తవ్విపోసే తిండి కోసం చేపలు ఆ గుంటలోకే వస్తాయి. నీ కాళ్ళ కాడుండేదాన్ని వదిలి కనపడనిదాని మీదికి పోతావేంది? నీళ్ళు ఎక్కతా ఉండాయి. ఎక్కినంతసేపే మనకు పని. దిగటం మొదలైందంటే చుట్టుకోని ఇంటికి పోవాల్సిందే."

గుంటలోకి వేసి, అతను అలవాటుకొద్దీ గొంతుక్కూర్చున్నాడు. చెరువు గట్టున నీడ నీళ్ళ మీద పడితే చేప బెదిరిపోతుంది, అందుకు వాళ్ళింట్లో అందరూ కూర్చునే గాలం వేస్తారు. సముద్రానికి ఆ మర్యాద తెలియదు. పెద్ద అల ఒకటి వచ్చి అతన్ని వెల్లకిలా పడేసి, పక్కనున్న సంచిని, హన్నమ్మ కట్టిచ్చిన సద్దిమూటతో సహా తీసుకుపోయింది.

"నీ నీడతో దానికేం పని? కూచోబాక. వీపు చూపించబాక. లే, లే, అన్నం పోయింది, నువ్వుండావు గదా."

అతను నవ్వబోయాడు గానీ నోట్లో ఉప్పు.

మొదట జెల్లలు పడ్డాయి. ఒకటి, వెనకే ఇంకోటి. వాటి ముల్లు గుచ్చుకుంటే చెయ్యి వాస్తుందని, చెప్పుకాలితో తొక్కిపెట్టి ముల్లు విరవడం ఆమె చూపించింది. డేవిడ్‌రాజు ముఖం మాత్రం వెలగలేదు.

"పొలుసు లేని చేప బల్ల మీదికి రాదు పెద్దమ్మా. మా నాయన పట్టింపు."

"మీ దేవుడికి జెల్ల పులుసు రుచి తెలీదా? పాపం." జెల్లల్ని తన కొంగులో కట్టుకుంది. "నాకు తెలుసులే."

ఎండ పెరిగింది. చేతుల మీద ఉప్పు ఆరి తెల్లగా గీతలు కట్టింది. అప్పుడు వేలి మీద తలుపు కొట్టినట్టయింది. గట్టిగా, ఇల్లు మనదే అన్నంత గట్టిగా. డేవిడ్‌రాజు రెండు చేతులతో ఒక్క గుంజు గుంజాడు, చెరువులో గుంజినట్టు, సమ్మెట ఎత్తినట్టు. అల నడుమ ఒక వెండి పక్క మెరిసింది. దారం తెగింది. చేప, కొక్కెం, సీసం గుండు, అన్నీ పోయాయి.

అతను ఆమె వైపు చూడలేకపోయాడు. నాగులమ్మ డబ్బాలోంచి ఇంకో గుండు, కొంగున గుచ్చి ఉంచుకున్న కొక్కెం తీసి, దారాన్ని పంటితో తెంపి, కట్టింది.

"చెరువులో చేపకీ నీకే పోరు. ఈడ మూడోది ఉండాది, అల. అల చేపని తెచ్చేటప్పుడు నువ్వు వెనక్కి నడువు. అల తీసకపోయేటప్పుడు దారం వదులు. నువ్వు గుంజేది ఏమీ లేదు. అదే తెస్తాది."

తెలిసింది, కానీ భుజాలకు తెలియలేదు. ఇరవై ఏళ్ళు రాయి కొట్టిన భుజాలు. ఇంకోసారి గుంజాడు, ఇంకో గుండు పోయింది. ఆమె మళ్ళీ కట్టింది. మూత పెట్టి డబ్బా ఊపి చూసుకుంది. చప్పుడు పలచబడింది.

"పోనీ పెద్దమ్మా. ఇంక వద్దు. మీ నాయనవి."

"మా నాయన సముద్రంలోనే పోయినాడు. ఆయన గుండ్లు మాత్రం ఉదయగిరి రోడ్ల మీద మోగతా ఉండాయి. ఎయ్యి."

నీళ్ళు ఇక ఎక్కడం లేదు. తడి గీత ఒకేచోట నిలబడి, ఎటు పోవాలో తేల్చుకోలేనట్టు వణుకుతోంది. డేవిడ్‌రాజు ఒళ్ళంతా బరువైపోయింది. గుంజే ఓపిక కూడా లేదు. టకటకమంది. అల వచ్చింది, అతను వెనక్కి నడిచాడు. అల పోయింది, దారం వదిలాడు. మళ్ళీ వచ్చింది, మళ్ళీ నడిచాడు. అలసిపోయిన మనిషి ఇంటికి నడిచినట్టు నడిచాడు, ఆలోచన లేకుండా. ఎప్పుడో ఒకసారి అల వెనక్కి పోతూ ఒక చేపను ఇసుక మీద మరిచిపోయింది.

గొరక. అరచెయ్యంత ఉంది. చేతిలోకి తీసుకోగానే "గుర్ర్" మంది. చెరువు చేప ఎన్నడూ నోరెత్తి ఎరగదు. డేవిడ్‌రాజు అదిరిపడి వదలబోయాడు.

"పట్టుకోరా, పట్టుకో! ఆ జాతి అంతే, అరస్తాది."

అతను దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. నాయన పళ్ళెం గుర్తొచ్చింది, పళ్ళెం అంచు దాటి వేలాడే కొరమీను తోక. "ఇంతేనా," అన్నాడు.

"పొలుసుండాదా?"

"ఉండాది."

"ఎవురు పట్టినారు?"

అతను చేప మీది ఇసుకను బొటనవేలితో తుడిచాడు. "నేనే."

"ఇంకేం."

తమ్ముడింటి ముందు ఎండలో కూర్చుని నాగులమ్మ ఆ చేపను వీపు వెంబడి చీల్చి, లోపల పేగులు తీసి, వేళ్ళతో ఉప్పు నింపింది. పొలుసుల్ని ఒక్కటీ చెదరనివ్వలేదు. తాటాకులో చుట్టి, నారతో కట్టి ఇచ్చింది. కావలి పోయే ఆటో ఇసుక దాటి రోడ్డు మొదట్లో ఆగి ఉంది. అక్కడిదాకా అతని భుజం పట్టుకుని నడిచింది. ఆమె నడుముకు డబ్బా ఉంది, కానీ ఎంత నడిచినా చప్పుడు లేదు. మిగిలిన ఒకటీ అరా గుండ్లను అతని దారానికే కట్టిందని అప్పుడు చూశాడు.

"మళ్ళా వచ్చే వారం వస్తావు గదా? గంప మా ఇంట్లోనే ఉండాది."

"హన్నమ్మని వాడుకోమను. జొన్నలు పోసుకోను పనికొస్తాది."

ఆటో కదలబోతోంది. డేవిడ్‌రాజు తాటాకు పొట్లాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. నాగులమ్మ కమ్మీ పట్టుకుని లోపలికి వంగి, అతని చేతిలోని దారం ఉండను వేలితో తట్టింది.

"ఇంటికి పోంగానే ఆ కొక్కేన్ని మంచినీళ్ళల్లో కడుగు. లేకుంటే ఉప్పు తినేస్తాది."

"మంచినీళ్ళా? మా ఊళ్ళోనా పెద్దమ్మా?"

"ఒక చెంబుడు దాచిపెట్టుకో అబ్బయా. దాని వరకూ దాచిపెట్టుకో."