తలకిందుల తాదేసు

తాదేసుకు కాగితాల పిచ్చి. అందులోనూ పాతవి, అరబ్బీ అక్షరాలున్నవి. ఎవరింటికి వెళ్ళినా, మంచినీళ్ళు పుచ్చుకోక ముందే "పాత కాగితాలు ఉండాయా?" అని అడిగేవాడు. పెళ్ళివారినీ అడిగాడు. చావింటికి పరామర్శకు వెళ్ళి, మనస్ఫూర్తిగా ఏడ్చి, కళ్ళు తుడుచుకుని అక్కడా అడిగాడు.

అసలు పేరు తదేవుష్. దేశం పోలండు. అక్కడ అరబ్బీ చదివి, అరబ్బీ పాఠాలు చెబుతూ, మన దేశంలో ఉన్న అరబ్బీ చేతిరాత పుస్తకాల జాబితా రాయడానికి వచ్చాడు. యుద్ధంలో తన గురువుగారి గదినిండా ఉన్న పుస్తకాలు ఒక్క పూటలో బూడిదయ్యాయట. అప్పటినుంచి కాగితం కనిపిస్తే వదలడు. అరవై రెండో సంవత్సరం వేసవిలో కళ్యాణదుర్గంలో బస్సు మారి, కంబదూరు పక్కనున్న మా ఊళ్ళో దిగాడు. మాది ఓబుళేసులుండే ఊరు, కనుక మూడో రోజుకల్లా తాదేసు అయిపోయాడు. మద్రాసులో ఏడాదిపాటు నేర్చుకున్న తెలుగును మా ఊళ్ళో వారంలో పాడుచేసుకున్నాడు. బడిపంతులినైన పాపానికి మా వసారా గదే ఆయనకు విడిది.

వచ్చిన రోజే, దర్గా చూసుకునే హుస్సేన్ పీరాను నిలబెట్టి పావుగంటసేపు గ్రాంథికమైన అరబ్బీలో మాట్లాడాడు. పీరా ఓపిగ్గా విన్నాడు.

"బాగుండాది సామీ. ఇంగ తెలుగులో చెప్పు."

తాదేసు కొయ్యబారిపోయాడు. "మీరు దినామూ చదువుతారు కదా?"

"చదువుతాం. చదివేది దేవునికి. ఆయప్పకు అర్థమైతాది గదా."

ఆ దిగ్భ్రాంతి నుంచి తాదేసు తేరుకోవడానికి రెండు రోజులు పట్టింది. నా వంతు మూడో రోజున వచ్చింది. మా ఆవిడ లక్ష్మీనరసమ్మ అడిగినవారికి లేదనదు. అటకమీద కట్ట తీసి ఆయనకిచ్చింది. అవి, దిద్దేశానని నేను హెడ్మాస్టరుకు ఎప్పుడో చెప్పిన పరీక్ష పేపర్లు. తాదేసు వాటిని బడికి మోసుకొచ్చి, హెడ్మాస్టరు ముందే నా చేతిలో పెట్టాడు. "ఇవి అరబ్బీ కాదు సారూ. ఎవురూ ముట్టుకోని కాగితాలు."

ఊరికి అసలు కష్టం నీళ్ళు. మూడేళ్ళుగా వానల్లేవు. ఆడవాళ్ళు రెండు మైళ్ళు నడిచి బిందెడు తెచ్చుకునేవాళ్ళు. దర్గా పక్కన ఎప్పుడో ఎండిపోయిన బావి ఒకటుంది. పూడిక తీసి రెండు గజాలు దిగితే ఊట పడుతుందని బావులు తవ్వే నాగన్న ఒట్టేసి చెప్పేవాడు. తవ్వడానికి మాత్రం లేదు. చిరిగిపోయిన ఖురాను కాగితాలను పారవేయకూడదు కనుక, గుడ్డలో చుట్టి ఆ బావిలో వదలడం పీరా నాయన కాలం నుంచీ ఆచారం. గుడ్డలు చివికి, అడుగంతా కాగితాలే పరుచుకుని ఉన్నాయి. దిగినవాడి కాలు వాటిమీద పడుతుంది. పీరా ఒప్పుకోలేదు. మావాళ్ళు కూడా సరస్వతి అంటూ లెంపలేసుకున్నారు. మూడు వేసవులుగా ఇదే పంచాయితీ.

ఒకరోజు ఎండలో బిందెతో వస్తున్న అక్కమ్మను తాదేసు అలవాటుగా అడిగాడు. "పాత కాగితాలు ఉండాయా?"

"ఉండాయి నాయనా, బావినిండా ఉండాయి. అవి ఆడ ఉండబట్టే ఇది నా నెత్తిన ఉండాది."

తాదేసు నేరుగా దర్గాకు పోయాడు.

"బావిలో కాగితాలు కావల్ల. నా చదువుకి."

"చదువుకంటే సరే సామీ. దిగితే కాలు తగుల్తాదే."

"చెయ్యి తగలొచ్చునా?"

"కడుక్కున్న చెయ్యైతే తగలొచ్చు."

"అట్లయితే కాళ్ళు పైన పెడతా."

పీరా నాగన్నను పిలిపించాడు. మర్నాడు ఊరంతా బావి చుట్టూ చేరింది. ఆ ఆరడుగుల మనిషికి నడుముకూ చీలమండలకూ మోకు కట్టి, నాగన్న గిలకమీంచి గబ్బిలంలా తలకిందులుగా దించాడు. మొదటి రోజు మర్యాదకని లుంగీ కట్టుకుని దిగాడు. తలకిందులైతే లుంగీ ఏమవుతుందో పోలండులో చెప్పరు కాబోలు. ఆడవాళ్ళు బిందెలు వదిలేసి పరుగెత్తారు. రెండో రోజునుంచి పంట్లాం.

"తలకిందుల తపస్సు దేవుని కోసం చేస్తారని వింటిమి," అంది అక్కమ్మ. "ఈయప్ప చిత్తుకాగితాల కోసం చేస్తాండాడే."

బావిలోంచి "లాగండప్పా" అని వినిపించేది. లాగితే, మిరపపండులాంటి మొహంతో, వజ్రకరూరులో వజ్రం దొరికినవాడిలా పైకొచ్చేవాడు. "చాలా గొప్పవి. ఒక్కటీ వదలకూడదు." అలా పంతొమ్మిది రోజులు. చివరికి అన్నిటినీ వరసగా పేర్చి, కొత్తగుడ్డలో కట్టి పీరాకే ఇచ్చేశాడు. పీరా వాటిని శుభ్రమైన చోట భూమిలో దాచాడు. తాదేసు ఒక్క ముక్కైనా ఉంచుకోలేదు. తలకిందులవడంతో పిచ్చి కుదిరిందనుకున్నాను.

నాగన్న దిగాడు. ఎనిమిదో రోజున ఊట పడింది. అక్కమ్మ మొదటి చెంబు తాదేసుకిచ్చింది. కాగితాల మాటెత్తకుండా ఆయన నీళ్ళు తాగడం ఆ ఒక్కసారే చూశాను.

అయిదేళ్ళకు పోలండు నుంచి లావుపాటి జాబితా పుస్తకం వచ్చింది. రెండుసార్లు తిరగేశాను. మా ఊరిపేరే లేదు. నాకు ఒళ్ళు మండి ఉత్తరం రాశాను. తెలుగులోనే జవాబొచ్చింది. "అవన్నీ అచ్చు కాగితాలు సారూ. అంగడిలో దొరికేవే. నా జాబితాకు పనికిరావు. మొదటి కాగితం చూస్తానే తెలిసె. చెప్పింటే, రెండో దినం మోకు ఎవురు పడతారు?"

చేతిలో ఉత్తరంతో పరుగెత్తాను. పీరా ఆ బావి దగ్గరే నీళ్ళు తోడుతున్నాడు. ఉత్తరం చదివి వినిపించాను. తోడడం ఆపలేదు.

"అచ్చువని నాకు తెల్దా సారూ? సగం నేను బావిలో ఏసినవే."

"మరి అప్పుడే చెప్పలేదేం?"

"ఊరికే తీయమనేదానికి నాకు నోరు రాదు. చదువుకని అడిగితే ఇయ్యొచ్చు. ఆయప్ప అట్లే అడిగె." బిందె భుజానికెత్తుకుంటూ అన్నాడు. "అయినా, అంత చదువుకున్నోడు కాళ్ళు పైకి పెట్టుకుని అబద్ధం చెప్తాంటే, నేలమీద నిలబడినోన్ని నేను ఎట్ల కాదనేది?"

ఇంటికొచ్చి ఉత్తరం మళ్ళీ చదివాను. చివర ఇంకో వాక్యం ఉంది. "ఇంట్లో పాత కాగితాలు ఉండాయా?"

లక్ష్మీనరసమ్మ తలెత్తి అటక వైపు చూసింది.

"ఉన్నాయని రాయండి," అంది. "ఇవీ ఎవరూ ముట్టుకోనివేనని రాయండి."