ఆరు వారాల శిష్యురాలు

ఇప్పుడంటే ఏ కోర్సు చేస్తే ఏ ఉద్యోగం వస్తుందో చేతిలోని ఫోనే చెబుతోంది గానీ, మా రోజుల్లో ఆ సంగతి చెప్పడానికి కాలేజీ ఎదుటి టీ కొట్టు దగ్గర నిలబడే సీనియర్లే దిక్కు. సిరిసిల్ల నుంచి కరీంనగర్ వచ్చి, డిగ్రీ అయిపోయి, ఇంటికి తిరిగి వెళ్ళడం ఇష్టం లేక అద్దె గదిలో కాలక్షేపం చేస్తున్న నాకు అలాంటి సీనియర్ ఒకాయన దారి చూపించాడు. "రోయింగ్ కోచ్ అయితే నౌకరి పక్కా తమ్మీ. మన దిక్కు గా ఆట ఆడెటోడే లేడు, ఇగ నేర్పెటోడు ఏడుంటడు?" అన్నాడు. ఆడేవాడే లేని ఆటకు నేర్పేవాడితో ఏం పనని నాకు అప్పుడు తట్టలేదు. (ఇరవై మూడేళ్ళ వయసులో మనకు అనుకూలంగా ఉన్నవే తడతాయి.) మానేరు డ్యాం మీద కొత్తగా పెట్టిన శిబిరంలో చేరి, ఏడాదిపాటు పడి లేచి, సన్నటి పడవలో నిటారుగా కూర్చుని రెండు తెడ్లు వేయడం ఎలాగో నేర్చుకున్నాను. ఆ తర్వాత కోచ్ సర్టిఫికెట్ పరీక్షకు దరఖాస్తు పెట్టాను.

మా ఇంట్లో అందరూ సాంచాల మీద బతికినవాళ్ళు. సాంచ అంటే మా ఊళ్ళో మరమగ్గం. పండక్కి ఇంటికి వెళ్ళినప్పుడు బాపు అడిగాడు కదా అని నేల మీద కూర్చుని, కాళ్ళు బార్లా చాపి, ముందుకూ వెనక్కీ ఊగుతూ రోయింగ్ ఎలా చేస్తారో చూపించాను. పోయే దిక్కుకు వీపు పెట్టి కూర్చోవాలని కూడా చెప్పాను. బాపు బీడీ ఆర్పేసి చాలాసేపు చూశాడు. "సాంచ కాడ గింతసేపు కష్టపడితె మీటరు బట్టన్న వస్తది. గిట్ల ఊగితె ఏమొస్తదిరా?" అన్నాడు. "సర్టిఫికెట్ వస్తది బాపు" అన్నాను. "అది రాకుంటె?" అన్నాడు. రాకపోతే ఏమిటో మా ఇద్దరికీ తెలుసు. గోడ అవతల సాంచాలు దడదడా కొట్టుకుంటూనే ఉన్నాయి. అవ్వ, అంటే మా అమ్మ, మాత్రం "వాని పానం దానిమీదున్నది, పోనియ్యరాదు" అని నా వైపు మాట్లాడింది.

పరీక్షలో రాత భాగం ఒకటి, ఈత ఒకటి. రాతలో బాగానే రాశాను. ఈతలో మా ఊరి బావుల్లో నేర్చుకున్న ఈదులాట చూసి హైదరాబాదు నుంచి వచ్చిన పరీక్షాధికారి మొహం తిప్పుకున్నాడు గానీ పాసు చేశాడు. మెడలో ఎప్పుడూ విజిల్ వేలాడుతుండేది కాబట్టి ఆయన్ని మేము విజిల్ సారు అనేవాళ్ళం. అసలు చిక్కు మూడో భాగంలో ఉంది. ఎన్నడూ తెడ్డు పట్టని మనిషిని ఒకర్ని తెచ్చుకోవాలి, ఆరు వారాలు నేర్పాలి, రోజూ ఏం నేర్పామో నోటుబుక్కులో రాయాలి, చివరి రోజు ఆ మనిషి చేసే తప్పుల్ని విజిల్ సారు ముందు దిద్ది చూపించాలి. నేను నా గదిలో ఉండే దోస్తును బిర్యానీ ఆశ చూపి తీసుకెళ్ళాను. వాడు మొదటి రోజు మూడుసార్లు నీళ్ళలో పడ్డాడు, రెండో రోజు పడవ ఎక్కకముందే పడ్డాడు, మూడో రోజు జ్వరం తెచ్చుకున్నాడు. శ్రీరాంపూర్ నుంచి వాళ్ళ అవ్వ వచ్చి, నన్ను నాలుగు తిట్టి, కొడుకును తీసుకుపోయింది. ఆ తర్వాత ఎవరిని అడిగినా రేపు మాపు అన్నారు. చూస్తూ చూస్తూ ఐదు వారాలు గడిచిపోయాయి.

అప్పుడు నాకు కొంగ గుర్తొచ్చింది. డ్యాంలో చేపలు పట్టే ఒకాయన మా శిబిరం పక్కనే పడవ కట్టేవాడు, ఆయన్ని అందరం కాక అనేవాళ్ళం, అంటే బాబాయి. కొంగ ఆయన కూతురు. పద్దెనిమిదేళ్ళ పిల్ల, బారెడు చేతులు, ఒడ్డున ఉన్న ఆడవాళ్ళందరికన్నా జానెడు పొడుగు. అందుకే ఆ పేరు. (పిలిస్తే ఉడుక్కునేది కాదు, "కొంగలకు చాపలు మంచిగ దొరుకుతయ్ అన్నా" అనేది.) నడక వచ్చిన నాటినుంచీ బాపుతో పాటు పడవలో తిరిగిన మనిషి. "జర ఒక్క వారం నా శిష్యురాలిగ ఉండు చెల్లె. ఇప్పుడు ఫెయిలైతె మల్ల సాంచ మీదికే పోవాలె నేను" అని బతిమాలాను. కాసేపు నా మొహం చూసి సరేనంది. మా సన్నటి పడవలో కూర్చోబెడితే మొదటి రోజు కాస్త తడబడింది. మూడో రోజుకల్లా నాకు ఏడాది పట్టిన పని చేసేసింది. తెడ్డు నీళ్ళలోకి దిగేటప్పుడు చప్పుడే వచ్చేది కాదు. నాకు కొంచెం అసూయ, చాలా భయం కలిగాయి. ఎందుకంటే దిద్దడానికి ఒక్క తప్పు కూడా లేదు.

ఇక నేను కూర్చుని తప్పులు నేర్పడం మొదలుపెట్టాను. నా శిక్షకుడి జీవితంలో మొట్టమొదట నేర్పిన విద్య అదే. కాళ్ళతో తన్నకముందే చేతులు గుంజడం ఒకటి, తెడ్డును లోతుగా ముంచడం ఇంకొకటి, మాటిమాటికీ వెనక్కి తిరిగి చూడడం మూడోది. ఆ పిల్లకు అవి ఎంతకీ వచ్చేవి కావు. "నా చేతులు ఇంటలేవు అన్నా" అని నవ్వేది. నేను ఒడ్డున నిలబడి "గట్ల కాదు, ఇంక ఖరాబు చెయ్!" అని అరిచేవాణ్ణి. నాలుగో రోజు కాక అది చూశాడు. కూతురు తెడ్డు వేయడం మరిచిపోయిందనుకుని ఆయనకు కాళ్ళూ చేతులూ ఆడలేదు. "ఏమైందే బిడ్డా? పానం మంచిగ లేదా?" అని పడవలోంచి దింపి, ఇంటికి తీసుకుపోయి, ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి దిష్టి తీయించాడట. మర్నాడు కొంగ వచ్చి, "మిరపకాయలు ఘాటు రాలే అన్నా. దిష్టి పెద్దదే అన్నది మా అవ్వ" అని చెప్పి పడీపడీ నవ్వింది. నేనూ నవ్వాను.

అటు నోటుబుక్కు కూడా ఉంది కదా. ఆరు వారాల రాతల్ని ఒకే మధ్యాహ్నం నాలుగు రంగుల పెన్నులతో రాశాను. పాతగా కనిపించాలని రెండు పేజీల మీద టీ చుక్కలు కూడా వేశాను. కొంగ పక్కన కూర్చుని చదివింది. "నేడు అభ్యాసకురాలికి నీటి భయం కొంత తగ్గినది" అన్న వాక్యం దగ్గర ఆగి, "అన్నా, నాకు నీళ్ళంటె భయమా?" అంది. "కొంత తగ్గింది కదా, ఊకో" అన్నాను.

చివరి రోజు పొద్దున శిబిరం టెంటు ముందు ఒక కాగితం అంటించి ఉంది. ఇంగ్లీషులో ఉంది. హైదరాబాదు క్రీడా హాస్టల్ నుంచి ఒక అధికారి వస్తున్నారని, నేర్చుకుంటున్న పిల్లల్లో పనికొచ్చే వాళ్ళను ఎంపిక చేసి తీసుకుపోతారని, తిండీ చదువూ శిక్షణా అన్నీ వాళ్ళవేనని దాని సారాంశం. టీ తాగుతూ మొదటి నుంచి చివరిదాకా చదివాను. పది అడుగుల దూరంలో కొంగ ఒడ్డున కూర్చుని జడ వేసుకుంటోంది. హడావిడిలో ఆ కాగితం సంగతి మరిచిపోయానని రాస్తే ఎవరూ కాదనరు. మరిచిపోలేదు. చెబితే బాగా తెడ్డు వేస్తుంది, బాగా వేస్తే ఆరు వారాల కథ బయటపడుతుంది, నేను ఫెయిల్. నా పని అయ్యాక చెబుదాంలే అనుకుని గ్లాసు కింద పెట్టాను.

పరీక్ష అద్భుతంగా జరిగింది. కంగారులో కొంగ తప్పుల వరస మార్చేసింది. నేను చూసుకోకుండా ముందే బట్టీ పట్టిన వరసలో అరుస్తున్నాను. ఆమె వెనక్కి తిరిగి చూస్తుంటే నేను "తెడ్డు అంత లోతుగా ముంచకు!" అన్నాను. మరుక్షణం పాపం ఆ పిల్ల నా మాట నిలబెట్టడానికి తెడ్డు లోతుగా ముంచింది. విజిల్ సారు నా భుజం తట్టి, "తప్పు చేయకముందే పసిగడుతున్నావే! కోచ్‌కు ఉండాల్సింది అదేనయ్యా" అన్నాడు. నేను వినయంగా తల వంచుకున్నాను.

ఆయన పక్కన తెల్ల టోపీ పెట్టుకున్న ఒక పెద్దమనిషి అప్పటిదాకా మాట్లాడకుండా చూస్తున్నాడు. హాస్టల్ నుంచి వచ్చింది ఆయనే. "ఈ అమ్మాయి ఎత్తూ చేతులూ బాగున్నాయే. ఎన్నాళ్ళ నుంచి నేర్చుకుంటోంది?" అని అడిగాడు. "ఆరు వారాలు సార్" అన్నాను. "ఒకసారి ఒంటరిగా ఆ డ్రమ్ము దాకా వెళ్ళి రమ్మను. ఏమీ చెప్పకు" అన్నాడు. నీళ్ళలో తేలుతున్న నీలం డ్రమ్ము అది. నేను పడవ పట్టుకుని నెట్టడానికి వంగాను. కొంగ నా మొహంలోకి చూసి, "ఎట్ల పోవాలె అన్నా?" అని మెల్లగా అడిగింది. ఆ మాటకు జవాబు చెప్పడానికి నాకు చాలా సమయం ఉంది. విజిల్ సారు మా వైపు చూడడం కూడా లేదు. "గట్లనే చెయ్" అన్నాను.

గట్లనే చేసింది. వంకరటింకరగా వెళ్ళి, నీళ్ళు నాలుగు దిక్కులా చిమ్మి, డ్రమ్ముకు పడవను తగిలించి వచ్చింది. తెల్ల టోపీ సారు నిట్టూర్చి, "ఒడ్డూ పొడుగూ ఉంది గానీ నీళ్ళ మనిషి కాదు" అని చేతిలోని కాగితం మీద ఏదో కొట్టేశాడు. నన్ను సంతకాల కోసం టెంటులోకి పిలిచారు. సంతకాలన్నీ పెట్టి బయటికొచ్చేసరికి ఆయన జీపు వెళ్ళిపోయింది. వేరే అభ్యర్థులు తెచ్చిన ఇద్దరమ్మాయిలను ఎంపిక చేశాడట. "వచ్చిందా అన్నా?" అని కొంగ ఎదురొచ్చింది. వచ్చిందన్నాను. "మంచిగైంది" అని చప్పట్లు కొట్టింది. ఆ మధ్యాహ్నం కాక ఇంట్లో నాకు బొచ్చె చేప పులుసుతో భోజనం పెట్టారు. ముద్ద దిగలేదని రాయాలని ఉంది. రెండుసార్లు వడ్డించుకున్నాను.

నా ఖర్మ కాలి నాకు ఉద్యోగం ఆ హాస్టల్లోనే వచ్చింది. ఆ ఇద్దరమ్మాయిలకూ నేనే కోచ్. అందులో ఒకమ్మాయి ఇంటి మీద బెంగతో నెల తిరక్కుండానే వెళ్ళిపోయింది. ఆమె మంచం మీద చుట్టి పెట్టిన పరుపు చాలా రోజులు అలాగే ఉంది. రోజూ హాజరు తీసుకునేటప్పుడు అటు చూసేవాణ్ణి. వెళ్ళి తెల్ల టోపీ సారుకు నిజం చెబితే ఆ మంచం ఎవరిదో తేలిపోతుంది, నా ఉద్యోగమూ తేలిపోతుంది. వచ్చే వారం చెబుదాం అనుకున్నాను. అలాంటి వారాలు చాలా గడిచాక, కొంగకు కడెం ప్రాజెక్టు దగ్గర చేపలు పట్టే అబ్బాయితో పెళ్ళయిందని తెలిసింది. హమ్మయ్య అనిపించింది. అలా అనిపించినందుకు ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

ఈ మధ్య కడెంలో శిబిరం పెట్టడానికి నీళ్ళు అనుకూలమో కాదో చూడడానికి వెళ్ళాను. ఇప్పుడు నేనే పెద్ద సారును, పరీక్షలు పెట్టేదీ నేనే. ఒడ్డున నిలబడి ఉంటే ఒక చేపల పడవ వచ్చింది. తెడ్డు చప్పుడు లేదు. మొహం చూడకముందే అది కొంగ అని తెలిసిపోయింది.

"అన్నా! నువ్వే గద? ఎంత లావైనవే!" అంది కొంగ, దిగుతూనే. ఆమె జుట్టులోనూ తెల్లవెంట్రుకలు వచ్చాయి. పెనిమిటిని పిలిచి, "మా అన్న. హైదరాబాదుల పెద్ద సారు" అని పరిచయం చేసింది. అతను వలలు విప్పడానికి అటు వెళ్ళాక, ఇక ఆగలేక చెప్పేశాను. ఆ రోజు టెంటుకు అంటించిన కాగితం సంగతి, అది నేను చదివి దాచిన సంగతి, ఖాళీ మంచం సంగతి, అన్నీ. నేను చేసింది తప్పని కూడా అన్నాను.

"ఎర్కే అన్నా" అంది.

"ఏమెర్క?"

"నువ్వు సంతకాలకు పోయినప్పుడు గా టోపీ సారు నా కాడికొచ్చిండు. 'బిడ్డా, నువ్వు పడవ దిగిన తీరు కొత్తోళ్ళ తీరు లేదు. నిజం చెప్పు, హాస్టల్‌కు తీస్కపోత' అన్నడు. ఆరు వారాలే సార్ అన్న."

"ఎందుకన్నవే గట్ల?"

"నిజం చెప్తె నువ్వు ఫెయిలైతవు గద" అంది, ఆ మాత్రం తెలియదా అన్నట్టు. తెడ్లు తీసి ఒడ్డున పెట్టింది. "జీపు జరసేపు నిలవడ్డది. నువ్వొచ్చి చెప్తవేమో అని సూసిన" అంది.

ఏదో ఒకటి చేయాలనిపించి, "ఇప్పుడైనా నువ్వు కోచ్ పరీక్షకు రా చెల్లె, దరఖాస్తు నేను రాస్త" అన్నాను. ఆమె నన్ను కిందినుంచి పైదాకా చూసింది. "గా పరీక్షకు ఏమీ రానోళ్ళను ఒకలను తీస్కపోవాలె గద అన్నా? ఎవరెందుకు, నిన్నే తీస్కపోత" అంది. పెనిమిటి కూడా విని నవ్వాడు. కోపంతో అన్న మాట కాదది, నిజంగానే నవ్వించడానికే అంది.

పొట్ట పెరిగి, రెండు మెట్లెక్కితే ఆయాసపడే ఈ పెద్ద సారును సన్నటి పడవలో కూర్చోబెట్టి, ఆమె ఒడ్డు మీంచి తప్పులు దిద్దుతున్నట్టు ఊహించుకుంటూ నిర్మల్ దాకా బస్సులో నవ్వుకుంటూనే ఉన్నాను. పక్క సీటాయన రెండుసార్లు అనుమానంగా చూశాడు కూడా. నిర్మల్‌లో హైదరాబాదు బస్సు ఎక్కాక మాత్రం నవ్వు రాలేదు.